ఎమిలీ అరచెయ్యి

దేవానందం వెల్డింగ్ మిషన్‌ను నీడలోకి జరిపి, ఫ్యాను జాలీలో ఇరుక్కున్న దుమ్మును బ్రష్షుతో దులిపాడు. కేబుళ్లను చుట్ట విప్పి వాకిట్లో బారుగా పరిచాడు. తొడుగు ఎక్కడైనా చిట్లిందేమోనని వేళ్లతో పొడుగునా తడిమి చూశాడు. దండెం మీది చీరలను తీసి దూరంగా పెట్టాడు. ఎర్త్ క్లాంపు కరవాల్సిన చోట పైపు మీది రంగును ఆకురాయితో గీకి, ఇనుము తెల్లగా మెరిశాకే క్లాంపు తగిలించాడు. పొడి గ్లౌజులు తొడుక్కుని, కరెంటు నాబ్ బాగా తగ్గించి ఉందని చూసుకుని, అప్పుడు గానీ స్విచ్ వెయ్యలేదు. లాలాగూడలో అతని నిదానం మీద జోకులు చాలానే ఉన్నాయి. అతను వాటిని పట్టించుకోడు. అసలు సగం వినపడవు కూడా.

ఈ రోజు గిరాకీ సొంత భార్యే. గుండె జబ్బుతో ఆస్పత్రిలో పడి ఇంటికొచ్చిన ఎమిలీకి మంచం నుంచి బాత్రూం దాకా గోడ వెంట పట్టుకునే పైపు కావాలి. పక్కింటి సుకన్య చెయ్యి పట్టి నడిపిస్తుంటే ఆమె సిగ్గుతో చితికిపోతోంది.

"మందిని పట్టుకొని ఎన్ని దినాలు నడుస్త? జెర జల్దీ చెయ్యయ్యా," అంది పొద్దున.

"పొద్దుగూకేసరికి బిగిస్త. పరేషాన్ గాకు," అన్నాడు.

ఇనుప షెడ్లలో సమ్మెట మోతల మధ్య బతికి బతికి దేవానందం చెవులు ఎప్పుడో మొరాయించాయి. కరెంటు సరిపోయిందో లేదో రాడ్డు చప్పుడే చెబుతుంది మరి. ఆ లోటు ఎమిలీ తీర్చింది. చర్చి క్వయర్‌లో ఒక్క గొంతు తప్పినా పట్టేసే చెవి ఆమెది. కిటికీ పక్కన కూర్చుని వింటుంది. వేపుడు వేగినట్టు సమంగా చిటపటమంటే ఊరుకుంటుంది. బుసకొట్టి నిప్పులు చిమ్మితే, తగ్గించమని అరచెయ్యి కిందికి తిప్పి చూపుతుంది. ఆగి ఆగి మండితే పైకి తిప్పుతుంది. "చెవిటోని ముందు శంఖం ఊదుడెందుకు?" అని వెక్కిరిస్తుంది. ఆ వెక్కిరింతంటే తనకు ఎంత ఇష్టమో దేవానందం ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు.

ముందు పాత తుక్కు ముక్క మీద రాడ్డు గీసి, నల్లద్దం ఎత్తి చూశాడు. కిటికీలో ఎమిలీ అరచెయ్యి పైకి తిరిగింది. నాబ్ కొంచెం పెంచాడు. ఈసారి ఎమిలీ తలూపి నవ్వింది. ఇక పైపు పని షురూ చేశాడు. గోడకు బిగించే పట్టీలు ఒక్కొక్కటే అతికాయి. అతుకు మీద పెచ్చు కట్టిన చిట్టెం కొట్టి చూస్తే, కింద చేప పొలుసుల్లా వరుస కుదిరింది. అతనికి హాయిగా అనిపించింది.

ఎండ కిటికీ మీదికి వచ్చింది. ఎమిలీ తెర లాక్కుంది. కిటికీ చువ్వల మధ్య నుంచి చెయ్యి మాత్రం బయటికి కనిపిస్తోంది.

చివరి పట్టీ దగ్గర అద్దం ఎత్తేసరికి ఆ చెయ్యి కిందికి తిరిగి ఉంది. నిప్పులు అంత ఎక్కువ రాలేదే అనుకున్నాడు. అయినా ఆమె చెవి ఎన్నడూ తప్పలేదు. నాబ్ తగ్గించి మళ్లీ అంటించాడు. చూస్తే అరచెయ్యి కిందికే ఉంది. ఇంకా తగ్గించాడు.

"ఇగ చాలదా ఎమిలీ?"

చెయ్యి కిందికే ఉంది. ఆమె మాట కాదనడం అతనికి అలవాటు లేదు. మళ్లీ తగ్గించాడు. రాడ్డు మండలేదు, పైపుకు అతుక్కుపోయింది. హోల్డర్ విడిపించి, తిట్లు తినడానికి సిద్ధపడి నవ్వుతూ కిటికీ వైపు తిరిగాడు.

ఆమె వేలి మీద ఈగ వాలింది. ఎమిలీ దాన్ని తోలలేదు.

దేవానందం స్విచ్ ఆపాడు. ఆపకుండా లేస్తే ఆమె ఊరుకునేది కాదు. గ్లౌజులు విప్పి, చువ్వల మధ్య నుంచి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది. "ఎమిలీ!" అని పిలిచాడు. చెవుడు ఆమెకే అన్నట్టు, గొంతు చించుకుని మళ్లీ మళ్లీ పిలిచాడు. ఆ కేకలకు సుకన్య పరుగెత్తుకొచ్చింది.

పొద్దుగూకేసరికి చర్చివాళ్లు వచ్చి వాకిట్లో కుర్చీలు వేశారు. పైపును ఎవరో గోడవారకు జరిపారు. చివరి పట్టీ దగ్గర, సగం కాలిన రాడ్డు దానికి అతుక్కుని నిటారుగా నిలబడే ఉంది.