పొయ్యి వెనక ఏనుగు

కన్నకూతురని చెప్పుకోవడమే గానీ మృదుల వల్ల అండాలమ్మకు ఒరిగిందేమీ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో అడుగుకో కోచింగ్ సెంటర్. అందరి పిల్లలూ మొదటి అంతస్తులో బ్యాంకు పరీక్షల దగ్గరో, రెండో అంతస్తులో కంప్యూటర్ కోర్సుల దగ్గరో బుద్ధిగా ఆగిపోతే, ఈ పిల్ల మాత్రం ఇంకో అంతస్తు ఎక్కి వీడియో గేములకు బొమ్మలు వేయడం నేర్చుకొచ్చింది. పోనీ రాజులనో గుర్రాలనో వేస్తుందా అంటే అదీ లేదు. మురికి వేస్తుంది. గోడలకు చెమ్మ, గేట్లకు తుప్పు, మూలలకు బూజు.

"నేను పొద్దంత తుడుస్త, నువ్వు పొద్దంత పూస్తవ్. మనకు పొత్తెట్ల కుదుర్తదే?" అనేది అండాలమ్మ.

"నువ్వు తుడిచేది జూసే గదమ్మా, ఏం పూయాల్నో నేర్చుకున్న," అనేది మృదుల.

ఇప్పుడా మురికికే కొలువు వచ్చేలా ఉంది. ఒక గేముల కంపెనీ పరీక్ష పెట్టింది. మనుషులు బతికిన వంటగది ఒకటి కంప్యూటర్లో కట్టి, సోమవారానికి పంపాలి. మృదుల ఎక్కడో వెతుక్కోలేదు. ఎల్బీనగర్‌లో తన చిన్నప్పటి నుంచీ కిరాయికున్న ఈ ఇంటి వంటగదినే కట్టింది. ఓనరమ్మ కిరాయి పెంచడమే గానీ రంగు వేయించిన పాపాన పోలేదు కాబట్టి, మనుషులు బతికినట్టు రుజువులకు కొదవ లేదు. అన్నీ అయ్యాయి, పొయ్యి వెనక గోడ తప్ప. ఆదివారం పొద్దున వెలుగు పడగానే ఆ గోడను ఫొటో తీసి గేములోకి ఎక్కిస్తానంది.

అండాలమ్మకు అదే దిగులు పట్టుకుంది. కంపెనీలో పెద్దపెద్ద సార్లు తన పొయ్యి వెనక జిడ్డు చూస్తారా! ఆదివారం కూతురు లేవకముందే స్టవ్ కిందికి దించి, వంటసోడా, నిమ్మచెక్క, ఇనుప పీచుతో గోడ మీద పడింది.

మృదుల కెమెరాతో వచ్చేసరికి గోడ తళతళలాడుతోంది.

"అమ్మా... గోడేది?"

"ఏదేంది, గాడనే ఉంది గద. ఓనరమ్మ ఒస్తనని ఫోన్ జేసింది. జర తుడిచిన."

అబద్ధం. 'నాది తప్పు' అనే మాట అండాలమ్మ నోట ఇంతవరకూ ఎవరూ వినలేదు. కూరలో ఉప్పెక్కువైతే అది ఉప్పు తప్పు. బస్సు తప్పిపోతే అది బస్సు తప్పు.

మృదుల అరవలేదు. అరిస్తే బాగుండేది, తనూ అరిచేది. పిల్ల నేల మీద చతికిలబడి తెల్లగోడను చూస్తూ ఉండిపోయింది.

"పాత ఫొటో ఏదన్న ఉంటదేమో జూడు," అన్నాడు పేపరు చదువుతున్న భర్త శేఖర్.

"పొయ్యెనక గోడ పక్కన నిలబడి ఎవరన్న ఫొటో దిగుతరా డాడీ?"

"మరి గట్లనే పంపు. మా చిన్నప్పుడు గేముల మనిషంటే నాలుగు డబ్బాలు. మనిషే అనుకొని ఆడలేదా మేం?"

"అదొక తీరు బొమ్మ. పిల్లల గేములల్ల కార్టూన్లుంటయ్, అదొక తీరు. ఈ కంపెనోళ్లకు చెయ్యి వెడితే జిడ్డు అంటేటట్టుండాలె." మృదుల లేచింది. "అమ్మా, ఇట్ల రా. నువ్వేం తుడిచినవో చూపిస్త."

కంప్యూటర్లో మొదట బూడిదరంగు గది కనిపించింది. సిమెంటు పూత కూడా ఆరని ఇల్లులా ఉంది. మృదుల ఒక్క మీట నొక్కింది.

అండాలమ్మ నోరు తెరుచుకుంది.

తన వంటిల్లే. సొట్టపడ్డ కుక్కర్, పిడికి చుట్టిన తీగతో సహా. కిటికీ జాలీకి పట్టిన నూగు. పప్పు డబ్బా మూత మీద నూనె వేలిముద్ర. ఆమె చెయ్యి అలవాటుగా కొంగు అందుకుని ఆ ముద్రను తుడిచింది. పోలేదు. గట్టిగా తుడిచింది.

"అమ్మా, అది స్క్రీను."

"తెల్సు," అని కొంగు వదిలేసింది.

"ఇగ పొద్దు జరుపుత, చూడు."

మృదుల వేలు కదిపితే సూర్యుడు కదిలాడు. పొద్దుటి ఎండ జాలీలోంచి దూరి స్టీలు గ్లాసులను ముట్టించింది. మధ్యాహ్నం నేల తెల్లబడింది. సాయంత్రపు ఎర్రటి వెలుగు ఉల్లిగడ్డల బుట్ట దాకా పాకి ఆగింది. ఇన్నేళ్లూ ఈ వెలుగులోనే నిలబడి వండింది అండాలమ్మ. ఒక్కసారీ తలతిప్పి చూడలేదు. చూసినదెవరు?

పొయ్యి వెనక గోడ మాత్రం తెల్లగా, ఎవరిదో షోరూములా ఉంది.

"ఇదేందే, గింత కిందికెళ్లి జూసినట్టు కనపడుతుంది?"

"చిన్నప్పుడు గక్కడ నేల మీద కూసొనే గద హోంవర్క్ చేస్తుంటి. ఆడికెళ్లి చూస్తే గోడ మీద ఏనుగుండేది."

"ఏనుగా?"

"కుక్కర్ సీటీ వెట్టినప్పుడల్ల పసుపునీళ్లు చిమ్ముతుండె. నువ్వు పప్పు వండినప్పుడల్ల ఆ మరక జర పెరుగుతుండె. నేను పెన్సిల్‌తోని కన్ను వెట్టిన. నేను ఏసిన మొదటి బొమ్మ అదే."

అండాలమ్మకు గుర్తొచ్చింది. పొద్దున అన్ని మరకలూ పోయినా ఒక చిన్న నల్లచుక్క మాత్రం మొండికేసింది. దాన్ని వదిలించడానికే మూడోసారి సోడా వేసింది.

ఆమె కుర్చీ లాక్కుంది. "నీ కుంచె ఏదో తియ్యి."

"ఫొటో లేకుండ ఎట్లమ్మా?"

"నేను లేనా?"

మృదుల పూస్తోంది, తల్లి పక్కనుంచి పోరుతోంది. "గంత మీదికి పోదే, కుక్కర్ ఎడమ పొయ్యి మీద కద ఉండేది. అగో, ఆ పక్కకు పోపు చిటపటలు. అంత సాపుగ పూస్తవేంది, ముగ్గు పిండా? కింద నేను రోజు తుడుస్త, ఆడ పల్చగుండాలె." ఏనుగు వీపు తేలింది. కడుపు ఎలా ఉండేదో మృదులకు తెలుసు, తొండం ఎందుకు వంకర తిరిగిందో అండాలమ్మకు తెలుసు. చివరికి మృదుల కన్ను పెట్టి, పొద్దుటి ఎండ తెచ్చింది.

పసుపుపచ్చని ఏనుగు గోడ మీద వెలిగింది. ఎవరో అప్పుడే పొయ్యి ఆపి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ పక్కగదిలోకి పోయినట్టుంది ఆ వంటిల్లు. ఆ ఎవరో తనేనని అండాలమ్మ గుర్తుపట్టింది.

శేఖర్ కూడా పేపరు పక్కన పెట్టి వెనక నుంచి తొంగిచూశాడు. తర్వాత అడిగాడు. "అండాలూ, మరి ఓనరమ్మ ఎన్ని గంటలకొస్తదంట?"

అండాలమ్మ స్క్రీను మీంచి కళ్లు తిప్పలేదు.

"ఓనరమ్మ లేదు, ఎవ్వరు లేరు. నీ కంపెనోళ్లు చూస్తే సిగ్గయితదని నేనే తుడిచిన బిడ్డా. నాదే తప్పు."