తడపని పూత

నేను దూలం మీంచి గీకుతున్న పూత కింద పడి పైడితల్లిగా తయారవుతోంది. పాదాలు, మోకాళ్లు పూర్తయ్యాయి. మట్టెలు కూడా వచ్చాయి.

అసలు పైడితల్లి ఆ పక్కనే ఊడుస్తోంది. మోకాళ్ల కింద ఆమెకిప్పుడు ఏమీ లేదు. అయినా ఊడుస్తోంది. కాళ్లు లేవని కూలిమనిషికి సెలవెవరిస్తారు?

అగ్గి తగిలితే ఇనుము మెత్తబడుతుందని యాభై ఏళ్ల కిందట ఈ రేవు షెడ్డులో దూలాలకు జానెడు మందాన ఆస్బెస్టాస్ పూత కొట్టారు. ఇనుముకు అంత కోటు. మా మూతులకు తువ్వాలు ముక్క.

"తాతా, నడుం మరీ లావుగా సేస్తన్నావు," అంటుంది పైడితల్లి, తన బొమ్మను చూసుకుని.

"నాదేటున్నాదే? నువ్వెంత పీలిస్తే అంత అటెల్తన్నావు."

నవ్వబోయి దగ్గుతుంది. ఆ దగ్గుతో నడుం కూడా అటు వెళ్లిపోతుంది.

నేను నిచ్చెన దిగుతాను. మిగతా పదిమంది గీకుతూనే ఉన్నారు. సూపర్‌వైజర్ జోగారావు మా పన్నెండు మాస్కులూ తనే తొడుక్కుని కూర్చున్నాడు. ముఖం బూడిద గుమ్మడికాయంత ఉంది.

"అవి మావి కదా బాబూ?"

"మీరు వాడితే మాసిపోవా? తనికీకొచ్చినోళ్లకేటి సూపించాలి?"

"పోనీ పూత మీద నీల్లయినా కొట్టించండి. వాకిలి ఊడ్సే ముందు నాలుగు సుక్కలు సిలకరించమా? పిల్ల భుజాల దాకా అయిపోయింది."

"తడిస్తే బరువెక్కుద్ది, పని ఆలీసం. దుమ్ముకి బెల్లం ముక్కిస్తన్నాం కదా, తినమను."

"ఇప్పుడే నోరు కూడా అటెల్లిపోయింది బాబూ."

"అయితే ఆ నోట్లోనే పెట్టు."

గోడకున్న మంటలార్పే గొట్టం పెట్టె అద్దాన్ని గీకుడు కత్తితో పగలగొడతాను. గొట్టం విప్పితే నీళ్లకు బదులు సాలీడు దిగి, ఇటు చూసి, తిరిగి లోపలికి పోతుంది. నా పళ్లు పటపటమంటున్నాయి. జోగారావు ఆ చప్పుడుకు తాళం వేస్తున్నాడు.

చీపురు ఒంటరిగా నేల మీద పడుతుంది.

దుమ్ము పైడితల్లి కొప్పు ముడేసుకుని లేచి నిలబడుతుంది. నన్ను చూడదు. జోగారావునే చూస్తుంది.

"నీల్లు నానే తెచ్చుకుంటాను," అంటుంది.

ఊపిరి లోపలికి లాగుతుంది. రేకుల గోడలు పక్కటెముకల్లా దగ్గరకొస్తాయి. జోగారావు కుర్చీ అతనితో సహా గచ్చు మీద ఆమె వైపు జారుతుంది. ఆమె ఇంకా లాగుతూనే ఉంది.

తలుపులోంచి సముద్రం కనిపిస్తోంది. ఓడలతో, లంగర్లతో, చేపలతో సహా ఒడ్డు దాటి, రోడ్డు దాటి, మా గుమ్మం వైపు పాక్కుంటూ వస్తోంది.