తాళాల గుత్తి

నర్సింహులపేట మండలంలోని తండా బడికి కరాటే మాస్టర్ కావాలి. ఆడపిల్లలకు మూడు నెలల శిక్షణ. బ్లాక్ బెల్టు ఒక్కటే చాలదు, శిక్షకుల పరీక్ష కూడా నెగ్గాలి. ఆ పరీక్ష పెట్టేది నేను. వచ్చింది జమున ఒక్కతే. ఆమె ఫెయిలైతే ఈ ఏడు ఆ పిల్లలకు శిక్షణ లేదు, ఆమెకు కొలువు లేదు.

బడి వరండాలో పరీక్ష మొదలుపెట్టాను. జమున పంచ్‌లకు, కిక్‌లకు వంక పెట్టడానికి లేదు. పదేళ్లు నేర్చిన ఒళ్లు. పిల్లలకు చెప్పే తీరు కూడా బాగుంది. హెడ్మాస్టర్ కుమారస్వామి అప్పుడే టీ తెప్పించాడు.

"ఇగ సంతకం పెట్టు సాయిలన్నా. పులి గీ పిల్ల."

"ఇంకోటున్నది," అన్నాను.

ఎనిమిదో తరగతి షారోన్‌ను చాప మీద పడుకోమన్నాను. "ప్రాక్టీసుల ఈ పిల్లకు ఫిట్స్ వచ్చినయి. ఏం జేస్తవు?"

షారోన్ లేచి కూర్చుంది. "సార్, నోట్లకెల్లి నురుగు గూడ తియ్యాల్నా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ పిల్ల మళ్లీ పడుకుని కాళ్లూ చేతులూ కొట్టుకుంది.

జమున ఆలోచించలేదు. స్కూటీ తాళాల గుత్తి తీసి షారోన్ గుప్పిట్లో పెట్టింది, వేళ్లు మూసి గట్టిగా పట్టుకుంది. ఇంకో చేత్తో నీళ్ల సీసా నోటి దగ్గర పెట్టింది. టీచర్లు తలలు ఊపారు. ఇక్కడ ఎవరైనా అదే చేస్తారు.

నేనూ అదే చేశాను. ఆరేళ్ల కిందట, మా వంటింట్లో. నా భార్య చేతిలో తాళాలు పెట్టాను. నోట్లో నీళ్లు పోశాను. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయని దవాఖానలో చెప్పారు. అప్పటికి ఇరవై ఏళ్లుగా నేను మాస్టర్‌ను. నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు. దీన్ని పరీక్షలో చేర్చింది నేనే.

కాగితం మీద ఫెయిల్ అని రాశాను.

కుమారస్వామి నన్ను పక్కకు పిలిచాడు. "గింత దానికేనా అన్నా? అందరం జేసేదే గద. వదినె పోయిన పగ గీ పిల్ల మీద తీర్చుకుంటవా?"

"రాసిన."

"మరి పిల్లలకెవలు నేర్పుతరు?"

"ఎవలూ నేర్పరు."

జమున ఏడవలేదు. బతిమాలలేదు. సీసాకు మూత పెట్టింది. "మరేం జెయ్యాలె మాస్టర్?"

చెప్పాల్సిన పని నాకు లేదు. అయినా చాప మీద మోకాళ్లూనాను. షారోన్ చేతిలోని తాళాలు తీసేశాను. తల కింద తువ్వాల పెట్టి, ఒంటిని పక్కకు తిప్పాను.

"చేతులు వట్టద్దు. నోట్ల ఏం పెట్టద్దు, ఏం పొయ్యద్దు. గడియారం జూడు. ఐదు నిమిషాలు దాటితె 108కు ఫోన్ కొట్టు."

"సార్, చక్కిలిగిలి అయితాంది," అంది షారోన్.

జమున నా చేతుల వంకే చూస్తోంది. "ఇంతేనా మాస్టర్?"

"ఇంతే."

లేచాను. ఆమె తాళాలు ఆమెకు ఇచ్చాను. మళ్లీ పరీక్ష ఆరు నెలల తర్వాత. కాగితం మీద తేదీ వేసి, టీ తాగకుండా బండెక్కాను.