గులాబీ కాదు, ప్యాజీ

నాకు నలభై ఆరేళ్ళు. యాభై ఎనిమిదేళ్ళ హీరోకి తల్లిని. ఆయన పుస్తకాలు చంకలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చి, పరీక్ష పాసయ్యానని నా కాళ్ళకు దండం పెడతాడు. నేను తెల్లచీర కొంగుతో కళ్ళొత్తుకుని దీవిస్తాను. వంగితే నడుం పట్టేస్తుందని ఆయనకు భయం, నవ్వొస్తుందని నాకు భయం. నా పేరు అమ్మాజీ. పేరులోనే అమ్మ ఉంది కదా అని ముప్పై రెండో ఏట ఒక మహానుభావుడు తల్లి వేషం అంటగట్టాడు. ఆ తర్వాత ఇంకెవరూ నాకు రంగు చీర ఇవ్వలేదు.

పద్నాలుగేళ్ళుగా ఇదే. సున్నం గోడ, తెల్లచీర, దగ్గు. ఎన్ని సినిమాల్లో చచ్చానో లెక్కలేదు గాని, చచ్చిన ప్రతిసారీ వెనక గోడ తెలుపే. అందుకే మద్రాసులో సామాను సర్దుకుని, తొంభై రెండులో ఫిల్మ్ నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నప్పుడు ఒక్కటే అనుకున్నాను. హాలు ఏ రంగైనా ఏడవనీ, నా పడకగది మాత్రం ఉల్లిపొర రంగులో ఉండాలి. అప్పుడే విచ్చిన గులాబి కాదు. కాస్త దుమ్ము వాలినట్టుండే, వయసు పైబడిన గులాబి.

ఇది మా తమ్ముడు చలపతిరావుకు మింగుడు పడలేదు. వాడు ప్రొడక్షన్ మేనేజరు, నా డేట్లన్నీ వాడే చూస్తాడు.

“పత్రికల వాళ్ళు వచ్చి ఇల్లు ఫొటోలు తీస్తారక్కా. హీరోయిన్ గదిలా ఉంటే రేపు నిన్ను తల్లివని ఎవరు నమ్ముతారు? పైగా బావ పోయి తొమ్మిదేళ్ళు. మనిషికి తగ్గ రంగుండాలి కదా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. యాభై ఎనిమిదేళ్ళాయన పద్దెనిమిదేళ్ళ పిల్ల వెంట గంతులేస్తే జనం నమ్ముతారట, నేను రంగుగోడ పక్కన పడుకుంటే నమ్మరట. ఆ మాటే అన్నాను.

“అది వేరక్కా” అన్నాడు. ఎక్కడ వేరో చెప్పలేదు. జవాబు లేని ప్రతిదీ వీళ్ళకు వేరే.

నేను వినదలచుకోలేదు. గోడల పనికి బోరబండ నుంచి హనుమంతు వచ్చాడు. చాలా సెట్లకు రంగులు వేసినవాడు. అతన్ని వంటింట్లోకి పిలిచి, ఉల్లిపాయ ఒలిచి, ఎండుపొట్టు కింది పొర చూపించాను. అతను దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు.

“గిది ప్యాజీ అంటరమ్మా. గులాబీ గాదు. గులాబీల జర జాజు, చిటికెడు నలుపు కలిపి దాని పొగరు తీస్తే ప్యాజీ అయితది.”

జాజు అంటే వాళ్ళ ఊళ్ళో గోడలకు పూసే ఎర్రమట్టి.

“పొగరు తీయకు హనుమంతూ. కాస్త పెద్దరికం ఇవ్వు, చాలు” అన్నాను. నవ్వి సరేనన్నాడు.

మర్నాడు నాకు గోదావరి గట్టున ఆరు రోజుల షూటింగు. కారెక్కబోతుంటే చలపతి గుమ్మంలో నిలబడి హనుమంతుకు చెప్పడం వినిపించింది.

“గులాబి వేశావో, ఊరుకోను. అర్థమైందా?”

“అయింది సార్. గులాబీ ఎయ్య.”

వరండాలో వరసగా పేర్చిన తెల్ల డిస్టెంపరు డబ్బాలు చూసుకుని చలపతి తృప్తిగా తలాడించాడు. నేను నోరు మూసుకుని కారెక్కాను. నా ఏడుపు చూడటానికి రాష్ట్రమంతా టిక్కెట్టు కొంటుంది, నా ఇంట్లో నా మాటకు మాత్రం విలువ లేదు. ఆ ఆరు రోజులూ నాకు గ్లిజరిన్ అవసరం రాలేదు. డైరెక్టరు మహా మెచ్చుకున్నాడు. అది ఏడుపు కాదు, కోపమని ఆయనకు తెలియదు.

ఏడో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి లోపల చలపతి కేకలు వినిపిస్తున్నాయి. చెప్పులు కూడా విప్పకుండా గదిలోకి వెళ్ళాను. నాలుగు గోడలూ ఉల్లిపొర రంగులో ఉన్నాయి. కిటికీలోంచి పడిన ఎండ కూడా వాటి మీద మెత్తబడింది. నాకు కళ్ళు చెమర్చాయి.

“గులాబి వద్దన్నానా లేదా?” అంటున్నాడు చలపతి.

“అన్నరు సార్. గులాబీ ఏడేసిన? ఇది ప్యాజీ.” హనుమంతు తాపీగా బ్రష్షు కడుక్కుంటున్నాడు.

“నేను తెల్ల డబ్బాలు చూశాను.”

“ఏ రంగైనా తెల్లదాంట్లకెల్లే తీస్తం సార్.”

ఆ మాట వాడికి తగిలిందో లేదో గాని, పద్నాలుగేళ్ళు తెల్లచీర కట్టినదాన్ని, నాకు తగిలింది.

“రేపటికల్లా దీనిమీద తెలుపు కొట్టెయ్. రెండు పూతలు” అన్నాడు చలపతి.

హనుమంతు బ్రష్షు పక్కన పెట్టాడు. నా వైపు తిరిగాడు.

“ఇల్లు ఎవరిదమ్మా? రంగు చెప్పింది మీరు. గేటు మీద సారు పేరుంది. నాకు సమజైతలేదు.”

నిజమే. దస్తావేజులు నా పేరున, గేటు మీద పేరు వాడిది. ఆడపేరు కనిపిస్తే అభిమానులు వచ్చి పడతారని వాడంటే, నేను తలూపాను. సినిమాల్లో ఊపీ ఊపీ నాకదే అలవాటైంది. ఇంతకాలానికి ఇల్లెవరిదని అడిగినవాడు గోడలకు రంగు వేయడానికి వచ్చినవాడు. సిగ్గేసింది, దానికి పదింతలు కోపమొచ్చింది. అందులో సగం నా మీదే.

“నాది” అన్నాను. “గోడ ముట్టుకోకు. ప్యాజీ ఇంకా మిగిలిందా?”

“ఉన్నదమ్మా, అర డబ్బ.”

“అయితే గేటు మీది పేరు చెరిపి నాది రాయి.”

“ఇది వానకు నిలువదమ్మా. గిదే రంగు ఆయిల్ పెయింటుల కలిపి రాస్త. ఏమని రాయాలె?”

“అక్కా, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?” చలపతి గొంతు తగ్గింది.

నేను వాడి వైపు చూడలేదు.

“అమ్మాజీ అని రాయి హనుమంతూ” అన్నాను. “అమ్మ దగ్గరే ఎవరూ ఆగిపోకుండా, ‘జీ’ కాస్త పెద్దదిగా రాయి.”