లేని పేజీ

అట్టపెట్టె టేపు కోసి మొదటి పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు లక్ష్మీకుమారి మొహం చాటంత అయింది. మొదటి పేజీ తిప్పేసరికి అదే మొహం కందగడ్డలా ఎర్రబడింది.

అది ఆమె మొదటి దయ్యాల నవల. విజయవాడలో అచ్చయి, విశాఖలో ఓడెక్కి, పది రోజులు ఆలస్యంగా పోర్ట్‌బ్లెయిర్ చేరింది. సాయంత్రం డైరీ ఫార్మ్ పేటలోని తెలుగు సంఘం హాల్లో ఆవిష్కరణ. ‘రచయిత్రి గురించి’ అన్న పేజీలో ఏముందంటే, ఈమె సునామీ కడుపున పుట్టిన రచయిత్రి అట. పద్నాలుగేళ్ల వయసులో చూసిన రాకాసి అలే ఈమెకు గురువట. ఆ కింద, ఈమె చదివి ప్రభావితురాలైన విదేశీ రచయితల పేర్లు ఐదు. అందులో ఒక్కరి పుస్తకాన్నీ ఆమె కళ్లతో చూసిన పాపాన పోలేదు.

వెంటనే ప్రచురణకర్త సాయికృష్ణకి ఫోన్ చేసింది.

"ఏం చదివి రచయిత్రి అయ్యారో రాసి పంపమన్నారు. గవరమ్మ పెద్దమ్మ గురించి మూడు పేజీలు రాసి పంపాను. ఏవండీ అవి?"

"చదివాను మేడమ్, చాలా బాగుంది. కానీ ఆవిడకి చదువు రాదని మీరే రాశారు. చదువు రానావిడ దగ్గర చదువుకున్నానంటే నవ్వుతారండి. అండమాన్ అంటే మా పాఠకులకి గుర్తొచ్చేది సునామీయే. నాలుగు కాపీలు ఎక్కువ పోతాయి."

నాలుగు కాపీల కోసం మనిషి గురువునే మార్చేస్తారా? ఆమె ఫోన్ పెట్టేసింది. ఒళ్లు భగ్గున మండింది.

గవరమ్మకి చదువు రాని మాట నిజమే. జంగ్లీఘాట్‌లో ఎండుచేపలు అమ్ముకునే మనిషి. టీచరు భారతీదేవిగారికి విశాఖ నుంచి నెలకో కట్ట వారపత్రికలు వచ్చేవి. ఆవిడ చదివేశాక గవరమ్మ గుప్పెడు ఎండు నెత్తళ్లు ఇచ్చి వాటిని తెచ్చుకునేది. తెచ్చి పక్కింటి నూకన్న కూతురు లక్ష్మీకుమారి ముందు పడేసేది. హిందీ బళ్లో చదివే కుమారి తెలుగు అక్షరాలు నేర్చుకున్నదే వాటిలో వచ్చే దయ్యాల సీరియల్ కోసం. కుమారి వరసల మీద వేలు జరుపుతూ చదువుతుంటే గవరమ్మ, ఆమె కూతురు చిన్నమ్మి చేపలు తిరగేస్తూ వినేవారు. భయమేస్తే చిన్నమ్మి ఓణీ కొంగు నోట్లో కుక్కుకునేది.

ఓడలో వచ్చిన కట్టలో ఏదో ఒక సంచిక ఉండేది కాదు. లేదని చెబితే వాళ్ల మొహాలు చిన్నబోతాయని, ఉన్న పత్రికే ముందు పెట్టుకుని కుమారి సొంతంగా అల్లి చెప్పేసేది. ఒకసారి తప్పిపోయిన సంచిక తరవాతి ఓడలో వచ్చింది. చదివి వినిపిస్తే గవరమ్మకి కోపం వచ్చింది.

"ఆ రాసినోడికి ఏటీ తెల్దు. మొన్న నువ్వు ఏలు కదపకుండా సెప్పినావు సూడు, అదే జరిగింది."

అంటే ఆమెకు మొదటినుంచీ తెలుసన్నమాట. కుమారి ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయింది. అంత మెచ్చుకోలు ఆ తరవాత ఎక్కడా దొరకలేదు.

ఆ డిసెంబరు ఆదివారం పొద్దున చిన్నమ్మి చేపలు ఆరబెట్టడానికి ఒడ్డుకి వెళ్లింది. మళ్లీ రాలేదు. పత్రికల ట్రంకుపెట్టె కూడా పోయింది. శిబిరంగా మార్చిన బడిలో గవరమ్మ ఎనిమిదో రోజున కుమారిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ సీరియల్ ఎలాగయిపోనాదో సెప్పు."

"ఇప్పుడు దయ్యాల కథలేటే గవరమ్మా!" అని చుట్టూ ఉన్నవాళ్లు కసిరారు.

"దయ్యానికైతే ఓ కోపముంటాది, మనిసిని గురుతు పడతాది. ఈ నీళ్లకి ఏటుంది? సెప్పమ్మీ. నా సిన్నమ్మిని అందులో ఎట్టు. దయ్యమైనా పరవానేదు, నా కాడికి ఒచ్చీమను."

కుమారి చెప్పింది. చిన్నమ్మి దయ్యమై ఇంటింటికీ వచ్చి, చేపలు తిరగేశారా లేదా అని అడిగేది. శిబిరంలో ఉన్నన్నాళ్లూ చెప్పింది. పదమూడేళ్ల తరవాత అచ్చయిన నవల ఆ కథే. ఇప్పుడు ఎవడో వచ్చి, దీన్ని నీళ్లు నేర్పాయంటాడా? ఆ నీళ్లు ఏం నేర్పాయి?

సాయంత్రమైంది, హాలు నిండుతోంది. గవరమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"మన గురించి ముందు కాయితంలో ఏసినారన్నావు కదా, సదువు."

కుమారి పుస్తకం తెరిచి, అచ్చు వరసల మీద వేలు జరుపుతూ, తాను రాసి పంపిన మాటలే చెప్పసాగింది. నెత్తళ్లు, సీరియల్, చిన్నమ్మి ఓణీ కొంగు.

గవరమ్మ మధ్యలో ఆపింది. "నీ ఏలు రెండుమార్లు పైనుంచి కిందికి దిగినాదమ్మీ. కాయితం ఒకటే కదా. ఏటి రాసినారు?"

ఇక దాచలేకపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. గవరమ్మ ఏడవలేదు, అరవలేదు.

"నా పిల్లని మింగిన సంద్రం నీకు గురువా? రాసినోడికి ఏటీ తెల్దు."

కుమారి లేచి ఆ పేజీ చించేసింది. రెండో పుస్తకం తీసి అందులోదీ చించింది. మూడోది గవరమ్మ అందుకుంది. ముందు వరసలోని చేపల ఆడవాళ్లు ఏమిటేమిటని అడిగి, తలా నాలుగు పుస్తకాలు ఒళ్లో వేసుకున్నారు.

సంఘం కార్యదర్శి గణేశ్వరరావు పరుగెత్తుకొచ్చాడు. "అరే బేటా, జానే దో, వదిలెయ్! పేజీ లేని పుస్తకం ఎలా ఇస్తాం జనానికి?"

"మన దీవికి అన్నీ ఏదో ఒకటి తగ్గే వస్తాయి కదా అంకుల్," అంది కుమారి. మైకు దగ్గరికి నడిచి, గవరమ్మ వైపు చూసి, ఖాళీ చేతులతో నిలబడింది.

"లేని పేజీ నేను చెబుతాను, వినండి."