బ్యాటరీ బండి చిలుము

"అంట్లు తోమేదానివే కదా, దీన్ని కూడా తోమెయ్" అన్నాడు కామాక్షయ్య. గూడూరు అభ్రకం గోడౌనుకి పెట్టెలు మోసే బ్యాటరీ బండి వచ్చిన కొత్తలో మాట అది. అతను దానికి డ్రైవరు. భార్య ఆదిశేషమ్మ అక్కడే ఆడవాళ్ల వరసలో కూర్చుని కత్తితో అభ్రకం పొరలు విడదీస్తుంది. అప్పటినుంచి పొద్దున్నే వెళ్లి బ్యాటరీల మీది చిలుము వంటసోడా కలిపిన నీళ్లతో కడగడం, మరలు బిగించడం ఆమె వంతయింది, ఇంట్లో పొయ్యీ, అత్తగారి కాళ్లనొప్పులూ ఆమె వంతైనట్టే. నిజానికి ఆమెకా పని ఇష్టమే. తోమిన అంట్లు పూట గడవకుండానే మాసేవి. బండి మాత్రం హాయిగా కదిలేది. "బండిని అద్దంలా పెట్టినావయ్యా" అని మేస్త్రి హజరత్తయ్య కామాక్షయ్యను మెచ్చుకుంటే ఆమెకూ సంతోషం కలిగేది, ఎవరింటి పెళ్లికో వెళ్లివచ్చినట్టు.

వానల్లో చెల్లెలి కాన్పుకని వాకాడు వెళ్లింది. ఆ రోజుల్లో బండిని ఎవరూ తోమలేదు. తిరిగొచ్చి, బండి జోలికి ఇంకా పోకుండానే పనిలో కూర్చున్న రోజే, పెట్టెలతో రైలు వ్యాగను దగ్గరికి పోతున్న బండి ఎత్తు మీద ఆగిపోయింది. పెట్టెలు దించితే కదిలింది, ఎక్కిస్తే ఆగింది. కామాక్షయ్య ఫ్యూజు మార్చాడు, స్విచ్చి విప్పి చూశాడు. లాభం లేకపోయింది. మద్రాసు ఓడకి పోవలసిన సరుకు. అతను మంచినీళ్లు అడిగినట్టుగా ఆమె పక్కన వంగాడు.

"ఏమే, ఎవురూ చూడకుండా వచ్చి ఒకసారి చూడు."

బరువు పడితేనే ఆగుతోందంటే కరెంటు ఏదో అతుకు దగ్గర తన్నుకుంటోందని ఆమెకి అప్పటికే తెలిసింది. లేవబోయింది. ఎందుకో లేవలేదు.

"మేస్త్రిగారినే నన్ను పిలవమను, వస్తా."

"నలుగురిలో నా మొహం ఏం గావాల?"

"చెడింది బండి. నీ మొహానికేమైంది?"

ఆమె మళ్లీ కత్తి అందుకుంది. అవతల ఇంజను కూత వేసింది. కామాక్షయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని మేస్త్రి దగ్గరికి నడిచాడు.

"అయ్యా, నాకు తెలిసింది తోలడమే. రోజూ దాన్ని చూసుకునేది మా ఆదిశేషమ్మ."

వరసంతా తలలెత్తింది. ఆమె వచ్చి, బండి ఆపించి, తీగల మీద ఒక్కొక్కచోట చెయ్యి పెట్టి చూసింది. ఒక అతుకు వేడిగా చురుక్కుమంది. దాని మర వదులై ఉంది, కింద పచ్చటి చిలుము. విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజిలీను పూసింది.

"పెట్టెలు దించొద్దు. అట్నే తోలు" అంది మొగుడితో.

బండి ఎత్తు ఎక్కింది.

"అయితే రేపట్నుంచి ఈ పని నీదేనా అమ్మా?" అన్నాడు హజరత్తయ్య.

"ఇన్నాళ్లూ నాదే అయ్యా. రేపట్నుంచి దీనిక్కూడా నాకు జీతం ఇయ్యండి."