యేసుబాబు మోకాలు

పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో సంగతి. మార్కాపురం పలకల గనిలో బండ జారిపడి యేసుబాబు పాదమూ పిక్కా నుజ్జయ్యాయి. మిషనాసుపత్రికి బండిలో చేర్చేసరికే విషం పైకెక్కుతోంది. తొడ దగ్గర కోసెయ్యకపోతే మనిషే దక్కడన్నాడు డాక్టరు దొర.

తల్లి జ్ఞానమ్మ సరేనంది. కానీ కోసిన కాలు తనకే ఇవ్వాలని పట్టుబట్టింది. వాళ్ల పేటలో తెగింది వేలైనా సరే, సమాధుల దొడ్లో పాతిపెట్టి ప్రార్థన చేసి వస్తారు. లోకాంతాన కడబూర మోగి చచ్చినవాళ్లంతా లేచే నాడు, లేచేవాడు నిండుగా లేవాలి గదా! కంపౌండరు కరుణాకరం ఆమెకు తమ్ముడి వరస. అతను మెల్లగా నోరు విప్పాడు.

"అక్కా, మోకాలి కాడ ఎముక చెక్కుచెదరలేదు. పక్క గదిలో ఒక పిల్లుంది. మోకాట్లో గడ్డ లేచి ఎముకను తినేసింది. దొర ఆ చెడ్డ ముక్క తీసేసి, మనోడి ఎముకను కీలు మీది నున్నటి పొరతో సహా అక్కడ అతుకుతాడంట. నిలిస్తే పిల్ల నడుస్తాది."

"నా బిడ్డ కుంటోడై లేస్తే?"

"మన్నుతో మనిషిని చేసినోడికి ఒక ముక్క వెతుక్కోవడం కష్టమా అక్కా?"

ఆ మాటకు ఆమె కరిగింది.

"అయితే ఒకటి. ఎవరి ఎముకో పిల్ల నాయన షావుకారుకు తెలీగూడదు. తెలిస్తే ఉంచనియ్యరు" అన్నాడు కరుణాకరం.

ఆ పిల్ల బజారులో దుకాణం దశరథరామయ్య కూతురు హైమావతి. ఎముక సీమ నుంచి సీసాలో, ఓడెక్కి వచ్చిందనుకున్నాడు ఆ మహానుభావుడు. అడిగితే కదా ఎవరైనా చెప్పేది!

విషం ఆగలేదు. ముందు కాలు పాతారు, తర్వాత దాని పక్కనే మనిషినీ పాతారు. జ్ఞానమ్మ ఏడ్చి ఏడ్చి ఒక్క తలంపు దగ్గర ఆగింది. కొడుకు మొత్తంగా పోలేదు, ఆ పిల్ల మోకాట్లో ప్రాణంతో ఉన్నాడు. ఇక ఆమె ప్రార్థనంతా ఆ ఎముక నిలవాలనే.

చూడకుండా ఉండలేకపోయింది పిచ్చితల్లి. ఉప్పు కొనే నెపంతో దుకాణానికి పోయి, మెట్ల కింద ఎడంగా నిలబడింది. లోపల మంచం మీద హైమావతి, కాలికి పిండికట్టు. చూస్తుండగానే పిల్ల గోడ పట్టుకుని లేచి, కట్టుకాలు నేలకు ఆనించింది. జ్ఞానమ్మకు ఒళ్లు తెలియలేదు.

"నిలబడు తల్లీ, నిలబడు! మా యేసుబాబు ఎముక అది. పలకలు మోసిన ఎముక, విరగదులే!"

పిల్ల నవ్వింది. దశరథరామయ్య చేతిలో తక్కెడ ఆగిపోయింది.

"ఏందే నువ్వనేది? ఎవరి ఎముక?"

లేదని బొంకవచ్చు. కొడుకును లేదని ఏ నోటితో అంటుంది? కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వాళ్లకు అదే చాలింది.

ఇక చూడాలి ఆ ఇంటి హడావుడి! ఎముకను తీయనూ లేరు, ఉంచుకోనూ లేరు. శుద్ధి చేస్తే సరిపోతుందన్నారు పెద్దలు. పిండికట్టు కోసేసి, ఇంకా మానని గాయం మీద ఆవు పంచితం, పేడనీళ్లు బిందెలతో పోశారు. పిల్ల కేకలు బజారంతా వినిపించాయి. మైల పోయిందని ఇంటిల్లిపాదీ తలలు కడుక్కున్నారు. కూతురి కాలు పోతుందన్న ధ్యాస ఒక్కడికీ రాలేదే!

గాయం చీము పట్టింది. ఒళ్లు కాలిపోతుంటే పిల్లను మళ్లీ ఆసుపత్రికే మోసుకొచ్చారు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కరుణాకరం చిన్న గుడ్డమూటతో వచ్చాడు.

"దొర నీకియ్యమన్నాడక్కా."

గుడ్డ మీదనుంచే ఆ ఎముక ముక్కను తడిమి చూసుకుంది ఆమె. ఇద్దరూ సమాధుల దొడ్డికి పోయారు. కొడుకు కాళ్ల వైపు ఆమే చేతులతో మన్ను తోడి, మూట పెట్టి పూడ్చింది.

"పిల్ల?"

"బతికింది. కాలు తొడదాకా తీసేసినాడు దొర." అతను మళ్లీ అన్నాడు: "ఊరుకో అక్కా. యేసుబాబు ఇంక నిండుగా లేస్తాడులే."

జ్ఞానమ్మ మట్టిచేతులతోనే నోరు కొట్టుకుంది.

"నిండుగా ఎవురడిగినార్రా? ఈ నోరు మూసుకోనుంటే నా కొడుకు ఈపొద్దు నడస్తా ఉండేటోడు."